కంచే చేను మేస్తే...

మా పిన్ని జన్మలో బీడీ గానీ, సిగరెట్ గానీ ముట్టి ఎరగదు. మూడు నెలలు దగ్గింది. "పొయ్యి దగ్గర పొగలే" అని తనే సరిపెట్టుకుంది. తర్వాత టీబీ అనుకుని మందులు వాడారు. చివరికి ముక్క తీసి పరీక్ష చేయిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అప్పటికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

పరామర్శకు వచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట. "వంట్లో రోగనిరోధక శక్తి తగ్గిపోయిందమ్మా, అందుకే వచ్చింది. ఫలానా పొడి వాడించండి." ఒకావిడైతే మూడు డబ్బాలు కొని తెచ్చారు కూడా. ఆ డబ్బాలు చూశాకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది నాకు.

క్యాన్సర్ గడ్డలో ఉండేవన్నీ క్యాన్సర్ కణాలే అనుకుంటాం. కాదు. మన రక్షక కణాలు కూడా అందులో ఉంటాయి. టి కణాలు శత్రువును చంపడానికే అక్కడికి చేరతాయి. కానీ చాలాసార్లు క్యాన్సర్ కణం తన ఒంటిమీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను తొడుక్కుంటుంది. అది టి కణం మీదున్న పీడీ-1ను పట్టుకోగానే, పాపం ఆ టి కణం చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఇక చెత్తాచెదారం మింగాల్సిన మాక్రోఫేజ్ కణాల్లో కొన్ని గడ్డ పక్షమే చేరిపోతాయి. దానికి కొత్త రక్తనాళాలు పెరగడానికి సాయం చేస్తాయి. కంచే చేను మేయడమంటే ఇదే కదా!

అంటే ఇక్కడ ఉన్న శక్తికే సంకెళ్లు పడ్డాయన్నమాట. ఆ సంకెళ్లు పొడులతో తెగవు. వాటిని తెంచే దారి చూపినందుకే అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్, జపాన్‌కు చెందిన తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. పీడీ-1ను అడ్డుకునే మందులకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వాడటానికి 2015లో అమెరికా అనుమతి ఇచ్చింది.

అలాగని ఇవి అందరికీ పనిచేయవు. ఖరీదూ ఎక్కువే. సంకెళ్లు తెగిన కణాలు ఒక్కోసారి మన ఊపిరితిత్తుల మీదికో, పేగుల మీదికో, థైరాయిడ్ మీదికో తిరగబడతాయి. పొగ తాగని ఆడవాళ్లలో తరచు కనిపించే ఈజీఎఫ్ఆర్ అనే జన్యుమార్పు ఉంటే ఈ మందుల ప్రభావం తక్కువ. అలాంటివాళ్లకు వేరే మాత్రలున్నాయి. మా పిన్నికి తేలింది అదే. ఇప్పుడు రోజుకో మాత్ర వేసుకుంటోంది.

అందుకే అక్కచెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. దగ్గు మూడు వారాలు దాటితే వంటింట్లోనే సర్దుకుపోకండి. టీబీ అంటే, కళ్లెలో క్రిములు కనిపించాయా అని అడగండి. మందులు వాడినా తగ్గకపోతే మళ్లీ పరీక్ష చేయమనండి. క్యాన్సర్ అంటే, తీసిన ముక్కకు జన్యుపరీక్ష, పీడీ-ఎల్1 పరీక్ష చేశారా అని అడగండి. ఇంట్లో మగవాళ్లకు దగ్గొస్తే మనం ఇన్ని ప్రశ్నలూ అడుగుతాం. మనకోసం కూడా అడుగుదాం.