ఫిజియోథెరపీ విద్యకు జాతీయ ప్రమాణాలు – కృష్ణా డెల్టా పల్లెలకు అందవలసిన సేవలు

ఉయ్యూరు: పక్షవాతానికి గురైన రోగికి ఆసుపత్రిలో జరిగే చికిత్స కొద్ది రోజులకు పరిమితం. చచ్చుబడిన చేతికి, కాలికి తిరిగి కదలిక నేర్పే పని నెలల తరబడి సాగుతుంది. తొలి కొద్ది నెలల్లో క్రమం తప్పకుండా జరిగే సాధనతోనే ఎక్కువ మెరుగుదల కనిపిస్తుంది. ఈ బాధ్యతను నిర్వహించేవారు ఫిజియోథెరపిస్టులు. వారి విద్య, శిక్షణ, గుర్తింపునకు సంబంధించి గత కొద్ది సంవత్సరాలలో జాతీయ స్థాయిలో చోటు చేసుకున్న మార్పులు కృష్ణా డెల్టా ప్రాంతానికి ఎంతో ప్రాధాన్యం గలవి.

చెరకు, వరి పండించే ఉయ్యూరు ప్రాంతంలో నడుము వంచి చేసే శ్రమే అధికం. నాట్లు వేసే మహిళలకు, చెరకు నరికే కూలీలకు, బరువులు మోసే హమాలీలకు వెన్నునొప్పి, మోకాళ్ల నొప్పులు నిత్యానుభవం. వీటికి తోడు మధుమేహం, రక్తపోటు, వృద్ధాప్యం, విజయవాడ–బందరు జాతీయ రహదారిపై జరిగే ప్రమాదాలు ఫిజియోథెరపీ అవసరాన్ని పెంచుతున్నాయి. ఉయ్యూరు నుంచి విజయవాడ సుమారు 30 కిలోమీటర్లు. వారానికి మూడు, నాలుగు పర్యాయాలు రోగిని తీసుకువెళ్లాలంటే తోడు వెళ్లే వ్యక్తి కూడా ఆ రోజు కూలిని వదులుకోవలసిందే. పేద కుటుంబాలు చికిత్సను మధ్యలో మానుకోవడానికి ఇది ఒక ప్రధాన కారణం.

విద్యాపరంగా విజయవాడకు ఈ రంగంలో ప్రత్యేక స్థానం కలదు. 1986లో ఇక్కడ నెలకొన్న ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం నేడు డాక్టర్ ఎన్.టి.ఆర్. పేరుతో కొనసాగుతూ, వైద్య విద్యతో పాటు ఫిజియోథెరపీ పట్టాలను కూడా ప్రదానం చేస్తున్నది. ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివిన విద్యార్థులు చేరే బి.పి.టి. కోర్సు చాలా కాలంగా నాలుగు సంవత్సరాల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌గా సాగింది. ఆపై ఎం.పి.టి. రెండు సంవత్సరాలు. శరీర నిర్మాణ శాస్త్రం, వ్యాయామ చికిత్స, ఎలక్ట్రోథెరపీ, నరాలు, కీళ్లు, గుండె, ఊపిరితిత్తుల వ్యాధులలో పునరావాసం ఇందులో ముఖ్యాంశాలు.

అయితే వైద్యులకు, నర్సులకు ఉన్నట్లుగా ఈ వృత్తికి జాతీయ స్థాయి చట్టబద్ధ నియంత్రణ దశాబ్దాల పాటు లేదు. ఈ లోటును తీర్చేందుకు 2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. ఫిజియోథెరపీని ఇందులో ప్రత్యేక విభాగంగా గుర్తించడం జరిగింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణునిగా గుర్తింపు పొందడానికి కనీసం 3,600 గంటల పట్టా విద్యను చట్టం నిర్దేశించింది. రాష్ట్రాలలో కౌన్సిళ్లు, వృత్తి నిపుణుల రిజిస్టర్లు ఏర్పాటు కావాలని పేర్కొన్నది. అమలులో జాప్యాన్ని గమనించిన సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు రెండు నెలల గడువు విధించింది. 2025లో కమిషన్ ప్రకటించిన నూతన పాఠ్య ప్రణాళికలో ఇంటర్న్‌షిప్ ఏడాదికి పెరిగి, బి.పి.టి. కాల వ్యవధి ఐదు సంవత్సరాలైంది.

పేరుకు ముందు ‘డాక్టర్’ అని వాడుకునే విషయమై 2025 సెప్టెంబరులో వివాదం తలెత్తింది. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ దీనిపై అభ్యంతరం తెలుపుతూ లేఖ జారీ చేసి, మరింత పరిశీలన అవసరమంటూ వెనువెంటనే ఉపసంహరించుకున్నది. పత్రికలలో ఈ వివాదానికి లభించిన ప్రాధాన్యం, శిక్షణ ఎక్కడ, ఎలా జరగాలన్న ప్రశ్నకు లభించలేదు. రోగికి సంబంధించినంత వరకు రెండవ ప్రశ్నే ముఖ్యమైనది.

అదనపు ఆరు నెలలు మధ్యతరగతి కుటుంబాలకు భారమే. సంపాదన ఆ మేరకు ఆలస్యమవుతుంది. ఆ కాలం నగరంలోని పెద్ద ఆసుపత్రులలోనే గడిస్తే పల్లెకు ఒరిగేది స్వల్పం. ఖరీదైన పరికరాల మధ్య శిక్షణ పొందిన విద్యార్థి, మంచం, కుర్చీ, గోడ మాత్రమే ఉన్న ఇంట్లో రోగిని ఎలా నిలబెట్టాలో, కుటుంబ సభ్యులకు వ్యాయామాలు ఎలా నేర్పాలో కూడా తెలుసుకోవాలి. ఇంటర్న్‌షిప్‌లో కొంత భాగాన్ని ఉయ్యూరు వంటి పట్టణాలలోని ప్రభుత్వ ఆసుపత్రులకు కేటాయిస్తే విద్యార్థికి అనుభవం, రోగికి ఇంటి చేరువలో సేవ లభిస్తాయి. 2023లో మచిలీపట్నంలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఇటువంటి ఏర్పాటుకు తూర్పు దిశన మరొక కేంద్రం కాగలదు. అయితే ఇంటర్నీలను పర్యవేక్షించేందుకు ఆయా ఆసుపత్రులలో అనుభవజ్ఞుడైన ఫిజియోథెరపిస్టు ఉండటం తప్పనిసరి. ఆ నియామకం లేకుండా విద్యార్థులను పంపడం వలన ప్రయోజనం ఉండదు.

విదేశీ అవకాశాలు కూడా యువతను ఆకర్షిస్తున్నాయి. అమెరికాలో 2015 చివరి నాటికే గుర్తింపు గల కోర్సులన్నీ డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ స్థాయికి మారాయి. మన విద్యార్థులు అక్కడ పనిచేయాలంటే తమ పట్టా సమానత్వాన్ని నిరూపించుకుని, జాతీయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. పాఠ్యాంశాలు, క్లినికల్ శిక్షణ గంటలు ఈ మదింపులో కీలకం. కనుక జాతీయ ప్రమాణాలు పటిష్టమైతే విదేశాలకు వెళ్లేవారికీ, ఇక్కడ స్థిరపడేవారికీ మేలు కలుగుతుంది.

కళాశాలను ఎంపిక చేసుకునే ముందు విశ్వవిద్యాలయ అనుబంధం, అనుబంధ ఆసుపత్రిలో రోగుల సంఖ్య, అధ్యాపకుల అర్హతలు, మొత్తం కోర్సుకు అయ్యే ఫీజులను తల్లిదండ్రులు పరిశీలించుకోవాలి. స్వల్పకాలిక సర్టిఫికెట్ కోర్సులు బి.పి.టి. పట్టాకు సమానం కావని గ్రహించాలి.

చట్టం, పాఠ్య ప్రణాళిక సిద్ధమైనాయి. ఇంటర్న్‌షిప్ స్థానాలు, పర్యవేక్షకుల నియామకాలు పల్లెల అవసరాలకు అనుగుణంగా జరిగినప్పుడే ఈ సంస్కరణ ఫలితం ఉయ్యూరు పరిసరాల రైతుకు, కూలీకి చేరుతుంది.