ఎనిమిది వేలు

పోయిన వేసవి సెలవుల్లో మా పిన్ని కొడుక్కి కాళ్ల నిండా నల్లగా కమిలిన మచ్చలు వచ్చాయి. ఐదేళ్ల వాడు, ఎక్కడా పడలేదంటాడు. పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు 8,000. మామూలుగా లక్షన్నర పైన ఉండాలి. ఆ అంకె ఫ్యామిలీ గ్రూపులో పడగానే బొప్పాయి ఆకు రసం మొదలుకొని దిష్టి తీయడం దాకా సలహాలొచ్చాయి. నేనూ తక్కువ తినలేదు. "అర్జెంట్, ప్లేట్‌లెట్ డోనర్లు కావాలి" అని నా నంబరుతో క్లాస్ గ్రూపులో పెట్టేశా.

డాక్టరమ్మ స్లైడు చూసి మిగతా కణాలన్నీ బాగున్నాయంది. వాడి చేత నోరు తెరిపించి చిగుళ్లు చూసింది. "ఎక్కడా రక్తం కారట్లేదు. మందు అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉందాం" అంది. పిన్ని ఏడ్చింది. ఈవిడకి చేతకాదని నేననుకున్నా.

తప్పు నాదేనని తర్వాత చదివితే తెలిసింది. దీన్ని ఐటీపీ అంటారు. పిల్లల్లో చాలాసార్లు ఏదో వైరల్ జ్వరం తగ్గాక మొదలవుతుంది. దారితప్పిన యాంటీబాడీలు సొంత ప్లేట్‌లెట్లకే అతుక్కుంటాయి. ప్లీహంలోని మాక్రోఫేజ్‌లు ఆ గుర్తు పట్టి వాటిని మింగేస్తాయి. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టర్ ఐటీపీ రోగి రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లో అతని ప్లేట్‌లెట్లు పడిపోయాయి, మూర్ఛ కూడా వచ్చింది. శత్రువు రక్తంలోనే తిరుగుతోందని అలా తేలింది. (మనం ల్యాబ్‌లో షూ వేసుకోవడానికే బద్ధకిస్తాం.)

అంటే బయటినుంచి ప్లేట్‌లెట్లు ఎక్కించినా వాటికీ అదే గతి. ప్రాణం మీదికొచ్చే రక్తస్రావమైతే మిగతా మందులతో కలిపి ఇస్తారు, అది వేరే మాట. లుకేమియా పిల్లలకైతే డోనర్లు నిజంగా కావాలి. ఏ జబ్బో అడక్కుండా అన్నిటికీ ఒకే మెసేజ్ తిప్పితే, ఆ అవసరమున్నవాళ్ల మెసేజ్ కూడా జనం చూడటం మానేస్తారు.

నా వాదన ఇదే: అంకెకి కాదు, పిల్లాడికి వైద్యం చేయాలి. రక్తస్రావం లేకపోతే అంకె ఎంత తక్కువున్నా పిల్లల్ని గమనిస్తూ ఉండటమే మేలని 2019 నాటి అమెరికన్ హెమటాలజీ సొసైటీ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. ఎక్కువమంది పిల్లలకి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గిపోతుంది. స్టెరాయిడ్లు ఊరికే రావు, పిల్లాడి నిద్రా, మూడ్ అన్నీ మారిపోతాయి. (అంకెతో మనిషిని తూచడం మనకి కొత్త కాదు. సీజీపీఏ మీద ఇంకో వ్యాసం రాస్తాను.)

అయితే ఊరికే ఉండటమంటే వదిలేయడం కాదు. తలకి దెబ్బ తగిలినా, ఆగని తలనొప్పి, వాంతులు వచ్చినా, ముక్కులోంచి రక్తం ఆగకపోయినా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడకూడదు. మెదడులో రక్తస్రావం నూటికి ఒక్కరికన్నా తక్కువే, కానీ ఆ మాట తల్లికి ధైర్యమివ్వదు. అందుకే డాక్టర్ల మీద నాకు ఒక్క ఫిర్యాదుంది. "మందు అక్కర్లేదు" అన్నాక ఎందుకక్కర్లేదో ఇంకో రెండు నిమిషాలు చెప్పాలి. పిన్ని నాలుగు నెలలు వాడి పక్కనే మెలకువగా పడుకుంది.

ఇప్పుడు వాడికి లక్షా అరవై వేలు. నా మెసేజ్ మాత్రం ఇంకా తిరుగుతోంది. మొన్న మెకానికల్ వాళ్ల గ్రూపులోంచి నాకే వచ్చింది, నా నంబరుతో సహా.