ఆ వెలుగు ఎవరిమీద పడింది?

చిత్రంలో వెలుగు, కూర్పు తప్ప తక్కినదంతా అప్రస్తుతమంటారు మన శుద్ధ కళావాదులు. మతచిత్రాలతో అభ్యుదయవాదికి పనేమిటంటారు మనలోనే కొందరు మిత్రులు. పైకి ఇద్దరూ బద్ధశత్రువులు. కాని బొమ్మను చూడకుండా తీర్పు చెప్పడంలో ఇద్దరిదీ ఒకటే బాట.

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో (1571-1610) రోములో ఒక చర్చి బలిపీఠంకోసం 1602-1604 ప్రాంతంలో వేసిన 'క్రీస్తు భూస్థాపన'నే తీసుకుందాం. ఇప్పుడది వాటికన్ చిత్రశాలలో ఉంది. దాదాపు మూడు మీటర్ల ఎత్తు.

అందులో ఆకాశం లేదు, దేవదూతలు లేరు. వెనుక అంతా చీకటి. ఎడమవైపు పైనుంచి వచ్చే వెలుగు క్రీస్తు దేహంమీదా, దాన్ని మోసేవారిమీదా పడుతుంది. నీకొదేము నడుము వంచి, మృతుని మోకాళ్ల చుట్టూ చేతులు పెనవేసి పట్టుకున్నాడు. అతని పిక్కలూ, చెప్పులు లేని పాదాలూ వెలుగులో ఉన్నాయి. యోహాను భుజాలకింద చెయ్యి వేసి ఎత్తుతుంటే, అతని వేళ్లు ప్రక్కలోని ఈటెగాయాన్ని తాకుతున్నాయి. తల్లి మరియ వయసు మళ్లిన మనిషి. ఆమె ప్రక్కన మగ్దలేనే మరియ తల వంచుకుని ఏడుస్తోంది. ఇంకొక స్త్రీ చేతులు పైకెత్తి ఆక్రోశిస్తోంది. ఎత్తిన ఆ చేతులనుంచి, వంచిన తలలమీదుగా, రాతిపలకపైకి వేలాడే క్రీస్తు చేతివరకు కూర్పంతా ఏటవాలుగా దిగుతుంది.

ఇది వట్టి రేఖాగణితమా? కాదు, ఇది బరువు. చనిపోయినవాడు బరువుగా ఉంటాడు. ఎవరో ఒకరు మొయ్యాలి. రాతిపలక మూల మనమీదికి పొడుచుకు వస్తుంది. నీకొదేము చూపు మనవైపే. నువ్వూ ఒక చెయ్యి వెయ్యమన్నట్టుంది.

రూపానికీ వస్తువుకూ సంబంధం లేదనేవారు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇదే చిత్రకారుడు, ఇవే వెలుగునీడలతో 'మరియ మరణం' వేస్తే, ఆ చర్చికి చెందిన కార్మెలైట్ సన్యాసులు దాన్నెందుకు తిరస్కరించారు? ఉబ్బిన దేహం, కప్పులేని కాళ్లు కారణమని ఆ కాలంవారే రాశారు. ఆ వెలుగు ఏం చెబుతోందో మన కళావాదులకన్న ఆ సన్యాసులకే బాగా అర్థమయింది!

ఇక మన మిత్రులకు ఒక మాట. కథ మతానిదే, వేయించుకున్నదీ చర్చి అవసరానికే. నిజమే. కాని ఆ కథలోకి వీధిమనుషుల పాదాలను తెచ్చినవాడు చిత్రకారుడు. ఆ పాదాలను మతానికే వదిలేసి వస్తే నష్టం మతానికి కాదు, మనకు.

వెలుగును మెచ్చుకునేవాడు అది ఎవరిమీద పడిందో చెప్పాలి. మతమని మొగం తిప్పుకునేవాడు, ముందు ఆ పాదాలను చూసి, ఆ తర్వాత తిప్పుకోవాలి.