కలుపుకు తెగులు అంటిస్తే?

తాపీలో పెరిగే గుర్రపుడెక్కను చంపే బూజు మన దేశంలోనే దొరికి అర్ధ శతాబ్దం దాటింది. అయినా సూరత్ ఇంకా యంత్రాలనే నమ్ముకుంది

సూరత్‌లో సింగణ్‌పూర్ కాజ్‌వే ఎగువన తాపీ నది ఏటా కొన్నాళ్లు నదిలా కనిపించదు. నిలిచిన నీటిని గుర్రపుడెక్క కప్పేస్తుంది. స్థానికులు దాన్ని జలకుంభి అంటారు. మునిసిపల్ కార్పొరేషన్ యంత్రాలు దింపి తోడి పోయిస్తుంది. మిగిలిన మొక్కలు అనువైన వాతావరణంలో రెండు వారాల్లోనే రెట్టింపవుతాయి. మళ్లీ యంత్రాలు, మళ్లీ ఖర్చు.

ఇది సుందరీకరణ సమస్య కాదు. నగరం తాగునీటికి ప్రధాన ఆధారం ఈ నదే. 2020లో కార్పొరేషన్‌లో కలిసిన సచిన్ లాంటి పారిశ్రామిక శివార్లకూ, మరమగ్గాలను నమ్ముకుని వచ్చిన తెలంగాణ నేత కుటుంబాలకూ ఈ నీటితోనే పని. కుళ్లిన మొక్కలు నీటిలోని ప్రాణవాయువును హరిస్తాయి. పోనీ, కలుపు మందు చల్లుదామా అంటే అవి తాగే నీళ్లు.

ముల్లును ముల్లుతోనే తీయాలన్నది మరో దారి. గుర్రపుడెక్క ఆకులను మాడ్చే ఆల్టర్నేరియా ఐకార్నియే అనే శిలీంధ్రాన్ని నాగరాజ్, పొన్నప్ప అనే శాస్త్రవేత్తలు భారత్‌లోనే గుర్తించి 1970లో ప్రపంచానికి వెల్లడించారు. పంటల జోలికి పోకుండా ప్రధానంగా ఈ మొక్కనే పట్టి పీడించడం దాని గుణం. ఆ తర్వాత ఈజిప్టు శాస్త్రవేత్తలు దాన్ని మందుగా మలిచేందుకు ప్రయోగాలు చేశారు.

తెగులును ఆయుధం చేసుకోవడం కొత్తేమీ కాదు. ఆస్ట్రేలియా 1971లో మధ్యధరా ప్రాంతపు తుప్పు తెగులును గోధుమ చేలలోని స్కెలిటన్ వీడ్‌పైకి వదిలింది. సన్న ఆకు రకం అణిగింది. ఆ ఖాళీలోకి తెగులు సోకని వెడల్పాకు రకాలు చొరబడ్డాయి. అమెరికాలో నారింజ తోటల తీగ కలుపుపై 1981లో డివైన్, వరి చేల కలుపుపై 1982లో కొలెగో అనే శిలీంధ్ర మందులు మార్కెట్‌కు వచ్చాయి. డివైన్ ఎంత బాగా పనిచేసిందంటే ఒకసారి వేస్తే కొన్నేళ్ల పాటు మళ్లీ కొనాల్సిన పనే ఉండేది కాదు. రైతుకు అది వరం, కంపెనీకి నష్టం.

మన అనుభవం చేదైనదే. అస్సాం తేయాకు తోటలను, కేరళ అడవులను అల్లుకుంటున్న మికానియా తీగపై ట్రినిడాడ్ నుంచి తెచ్చిన తుప్పు తెగులును ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరోలో పరీక్షించి, 2005లో అస్సాంలో, మరుసటి ఏడాది కేరళలో వదిలారు. అది ఇక్కడ నిలదొక్కుకోలేదు. అదే తెగులు తైవాన్‌లో, పపువా న్యూగినీలో స్థిరపడింది. పరాయి నేలపై ఏ బూజు బతుకుతుందో ముందే చెప్పలేమన్నదే ఇందులోని పాఠం.

తాపీలో బూజుకున్న చిక్కులు వేరు. ఆకుపై గంటల తరబడి తడి ఉంటేనే అది మొలకెత్తుతుంది. సూరత్ ఎండాకాలంలో ఆ తడి ఎక్కడిది? అందుకే శాస్త్రవేత్తలు దాన్ని ఒంటరిగా కాక, 1980లలో భారత్‌కు తెచ్చిన ముక్కుపురుగులకు తోడుగా చూస్తున్నారు. పురుగు చేసిన గాయంలోంచి శిలీంధ్రం సులువుగా లోపలికి చేరుతుంది. అయినా వాటి పని నిదానం. పైగా నీటి అడుగున పడిన గింజలు ఏళ్ల తరబడి కాచుకుని ఉంటాయి.

అసలు చిక్కు ఇంకోటుంది. నదిలో కలిసే మురుగు మోసుకొచ్చే నత్రజని, భాస్వరం గుర్రపుడెక్కకు ఎరువు. ఒక చేత్తో ఎరువు వేస్తూ రెండో చేత్తో తెగులు చల్లితే గెలిచేది మొక్కే. మురుగును ఆపడం మొదటి పని. ఆ తర్వాత పురుగూ బూజూ కలిసి మిగిలిన మొక్కల పని పడితే యంత్రాల ఖర్చు తగ్గుతుంది.

అయితే మళ్లీ మళ్లీ అమ్ముడుపోని సరుకుపై ప్రైవేటు కంపెనీలు ఆసక్తి చూపడం కష్టం. ఆ పరిశోధనను ప్రజాధనంతో ప్రభుత్వాలే చేయించాలి. ఏటా యంత్రాలకు అయ్యే ఖర్చులో కొంత అటు మళ్లించినా 1970 నాటి ఆవిష్కరణ తాపీ దాకా వచ్చే అవకాశం ఉంటుంది.