నేరము జూరీదేనా?

నానావతి కేసు మాట వచ్చినప్పుడెల్ల మనవారొక తీర్పు చెప్పుదురు: "జూరీవారు జాలికి లోబడి చంపినవానిని విడిచిపెట్టిరి, అందుచేతనే యీ దేశమున జూరీవిచారణ పోయినది." పఠనమందిరములందును, వకీళ్ల గదులందును ఈ మాట చర్చ లేకయే చెల్లుచున్నది. ఇందు మొదటి సగము అన్యాయము, రెండవ సగము అసత్యము. ఇరువదియేండ్లుగా క్రిమినలు న్యాయస్థానములందు మెలగుచున్న మేము దీనిని విని యూరకుండజాలము.

జరిగినదేమి? 1959 ఏప్రిలు 27వ తేదీని బొంబాయిలో నౌకాదళోద్యోగియగు కమాండరు నానావతి, తన భార్య పరపురుషునియందు అనురక్తురాలని యామె నోటనే విని, ఓడకుఁ బోయి, ఒక మిషచెప్పి రివాల్వరును ఆరు తూటాలను గైకొని, ప్రేమ్ ఆహుజా పడకగదిలోఁ బ్రవేశించెను. క్షణములలో ఆహుజా గుండ్లు తగిలి కూలెను. నానావతి తానై పోయి పోలీసులకు లొంగెను. నాటి శిక్షాస్మృతి 302వ సెక్షను క్రింద ఖూనీయు, 304వ సెక్షను మొదటిభాగము క్రింద ఖూనీ కాని దోషయుక్త నరహత్యయు నని యతనిపై రెండు నేరములు మోపఁబడెను. స్పెషలు జూరీలోని తొమ్మండుగురిలో నెనమండుగురు రెండింటను నిర్దోషి యనిరి, ఒక్కరు కాదనిరి.

ఒక్క మరణమునకు రెండు నేరములేల, ఇది జూరీని కలవరపెట్టుటకుఁ బన్నిన యుపాయము కాదాయని కొందరడుగుదురు. కాదు. చచ్చినవాఁ డొక్కఁడే, కాని చంపినవాని మనస్సు ఒక్కరీతిగా నుండదు. చంపవలెనని చంపిన ఖూనీ. తీవ్రమును ఆకస్మికమునగు రెచ్చగొట్టుటచే నిగ్రహము గోల్పోయి చంపిన నరహత్య. పెనుగులాటలో తనంత తుపాకి పేలిన ప్రమాదము. ఈ మూడు ద్వారములును జూరీయెదుట నుండెను. రెండవ యభియోగమును వ్రాయకున్నను, 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 238వ సెక్షనుచే ఆ చిన్ననేరమునకు శిక్షింప వీలుండెను. కావున అభియోగములు రెండగుట మోసము గాదు, ముద్దాయికది రక్షణయే. అయితే ద్వారము లెక్కువైనకొలది దీపము పట్టువాని బాధ్యతయు నెక్కువగును.

ఆ దీపము సరిగా పట్టఁబడెనా? ఇది ప్రమాదమని చెప్పుకొను ముద్దాయి, తాను చేసిన పని చట్టబద్ధమై, చట్టబద్ధమగు రీతిని, తగిన జాగ్రత్తతో జరిగెనని చూపవలయును. సాక్ష్యచట్టము 105వ సెక్షను ఆ భారము నతనిపైననే పెట్టినది. సెషన్సు జడ్జి జూరీకిచ్చిన బోధలో ఈ విషయమును తగినట్లు విశదపరుపలేదని హైకోర్టు నిర్ణయించెను. సుప్రీముకోర్టు దానిని సమర్థించెను. 1961 నవంబరు 24వ తేదీనాటి ఆ తీర్పును వ్రాసినవారు రాజమహేంద్రవరమునఁ బుట్టిన మన కోకా సుబ్బారావుగారే. ఇల్లు వెడలిన ఒంటిగంటన్నరకును, గుండు పేలిన నాలుగుగంటల యిరువది నిమిషములకును నడుమ మనస్సు కుదుటపడ వ్యవధి చాల నుండెనని వారు స్పష్టపరచిరి. పాఠము చెప్పని గురువును విడిచి, తప్పు వ్రాసిన శిష్యునే దండించుట యే ధర్మము?

అదియుఁ గాక, జూరీ తప్పినచో దిద్దు మార్గము ఆ కోడులోనే కలదు. జూరీమాటతో నేకీభవింపని సెషన్సు జడ్జి 307వ సెక్షను ననుసరించి కేసును హైకోర్టునకుఁ బంపెను. హైకోర్టు 1960 మార్చి 11వ తేదీని యావజ్జీవశిక్ష విధించెను. మందు పనిచేసిన పిమ్మట రోగిని చంపవలసిన పనియేమి?

ఇఁక నిష్పక్షపాతమాట. కరంజియాగారి బ్లిట్జ్ వారపత్రిక బాహాటముగా ముద్దాయి పక్షమున వాదించెను. పత్రికలో వ్రాయుచున్న మేమే యీ మాట చెప్పవలయును: చచ్చిన ఆహుజా బదులు చెప్పలేఁడు, పత్రికలో నేరస్థుఁడు వాఁడే యయ్యెను. జూరీసభ్యులు ఆ నగరముననే కాపురముండువారు. ఆ గాలియే పీల్చువారు. ఆ గాలిని విషపూరిత మొనర్చినవారిని విడిచి, పీల్చినవారిని మాత్రము నిందించుట న్యాయమా?

పెద్దలమాట యేమి? హైకోర్టు తీర్పు చెప్పిన దినముననే, ముద్దాయిని నౌకాదళపు నిర్బంధముననే యుంచుటకై గవర్నరు శిక్షను నిలిపివేసెను. వ్యవహారము తమయెదుట నున్నంతకాలము ఆ యుత్తరువు చెల్లదని 1960 సెప్టెంబరు 5వ తేదీని సుప్రీముకోర్టు చెప్పవలసివచ్చెను. తుదకు 1964లో గవర్నరు విజయలక్ష్మీ పండిట్ క్షమాభిక్ష నొసఁగిరి. ఎనమండుగురు పౌరులు విడిచిన నది బుద్ధిహీనతయట! గవర్నరు విడిచిన నది దయయట! ఈ తూనికరాళ్లు మాకర్థము కాకున్నవి.

జూరీ యీ కేసువలననే పోయినదను మాట యన్ననో శుద్ధాబద్ధము. జూరీవిచారణను తీసివేయవలెనని లా కమిషను తన పదునాలుగవ నివేదికలో 1958లోనే, అనఁగా గుండు పేలుటకు ముందే, సిఫారసు చేసెను. ఈ కేసు తరువాతను కొన్నిచోట్ల జూరీ నిలిచియుండి, 1973 నాటి క్రొత్త కోడుతో అంతరించినది.

మేము పాతజూరీకై కన్నీరు కార్చువారము గాము. ఇల్బర్టు బిల్లుపై తెల్లవారు చేసిన యల్లరికి లొంగి, 1884లో ప్రభుత్వము యూరోపియను ముద్దాయికి సగమైనను తనవారే కూర్చుండు జూరీని కోరు హక్కు నిచ్చెను. ఆ జూరీ మనకు న్యాయము చేయలేదు. కాని నేఁడు మనకున్నదేమి? పెట్టెలో తొమ్మండుగురు లేరు. టెలివిజనుల ముందర, ఫోనుల ముందర కోట్లమంది యున్నారు. వీరు ప్రమాణము చేయరు, సాక్ష్యము వినరు, జడ్జిబోధ వినరు. తీర్పు మాత్రము మొదటి దినముననే చెప్పుదురు. రేపు బోనెక్కి ముద్దాయిని గుర్తుపట్టవలసిన సాక్షియు ఆ ముఖమును వందసారులు తెరపైఁ జూచినవాఁడే. జూరీ పోయినను, జూరీని చెరచిన వ్యాధి పోలేదు, పెరిగినది.

కావున మేము కోరునది యిది. అభియోగములు పెక్కైనప్పుడు ఒక్కొక్కదాని యర్థమును, అది రుజువగుటకు వలయు సంగతులను పత్రికలు ప్రజలకు విప్పిచెప్పవలెను. విచారణ ముగియువరకు నెవ్వరిని ఖూనీకోరనరాదు, వీరుఁడనియు ననరాదు. క్షమాభిక్ష నిచ్చు ప్రభువులు కారణములను ప్రకటింపవలెను. పాఠకులారా! మరల నిట్టి కేసు వచ్చినప్పుడు, చచ్చినవాని పక్షమున నెవరు మాటాడుచున్నారని ముందడుగుఁడు. తీర్పు పిమ్మట చెప్పవచ్చును.