స్కూల్ సైకాలజీ: స్కాలర్‌షిప్ లెక్కకు అందని డిగ్రీ

బడిలో కులవివక్షకు నలిగిన పిల్లలకు తోడు నిలవాలని అమెరికాలో స్కూల్ సైకాలజీ చదవాలనుకునే దళిత విద్యార్థులు ముందే ఒక చిక్కు గమనించాలి. అక్కడ ఈ ఉద్యోగానికి సాధారణ అర్హత మూడేళ్ల స్పెషలిస్ట్ డిగ్రీ. 1200 గంటల ఇంటర్న్‌షిప్ అందులో భాగం. ఇది మాస్టర్స్‌కూ పీహెచ్‌డీకీ మధ్య మెట్టు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాత్రం మాస్టర్స్, పీహెచ్‌డీలకే. ఆ దారీ భద్రం కాదు: 2025లో ఎంపికైన 106 మందిలో తొలుత 40 మందికే మంజూరు పత్రాలిచ్చారు. నిధుల్లేవన్నారు. పీహెచ్‌డీలో ఫీజు మాఫీ, అసిస్టెంట్‌షిప్ దొరికే అవకాశం ఎక్కువ. అందుకే దరఖాస్తు ఫీజు కట్టకముందే డబ్బు సంగతి డిపార్ట్‌మెంట్‌నే అడుగుదాం. స్పెషలిస్ట్ డిగ్రీనీ పథకంలో చేర్చాలని ప్రభుత్వాన్ని నిలదీద్దాం. మన పిల్లల గాయం తెలిసినవాళ్లు ఆ కుర్చీలో కూర్చోవాలి.