పులికాటు ముఖద్వారము

ఆంధ్ర తమిళ దేశముల సరిహద్దున నున్న పులికాటు సరస్సునకు పక్షులను జూడ జనులను బిలుచుట మంచిపనియే. కాని సరస్సు నోరు ఇసుకతో మూసికొనుచుండగా యాత్రికులకు తలుపులు తెరచుట యెట్టి వివేకమో మాకు బోధపడకున్నది.

2001లో సూళ్లూరుపేటయం దారంభమైన ఫ్లెమింగో పండుగ కొలది దినములది; జాలరి యాకలి యేడాది పొడుగునను గలదు. ముఖద్వారములు పూడినచో సముద్రపు నీరు రాదు; రొయ్యపిల్లలు, చేపపిల్లలు లోనికి జేరవు. జాలరి బ్రతుకును, పక్షి మేతయు నా నీటినే నమ్ముకొన్నవి గదా!

వల విడిచి, పడవలో యాత్రికులను ద్రిప్పి బ్రతుకుడని కొందరు హితవు చెప్పుచున్నారు. ఫ్లెమింగోలు విశేషముగా శీతకాలముననే వచ్చును. తక్కిన మాసములలో నా కుటుంబము లేమి తినవలెను?

నీటికి ఎల్లలు లేవు. కాళంగి సూళ్లూరుపేట మీదుగను, ఆరణి తమిళనాటి మీదుగను వచ్చి యొక్క సరస్సుననే గలియుచున్నవి. జాలరులకు మాత్రము ఎల్ల దాటిన తగవులే. కావున ఉభయ ప్రభుత్వములును గూడి యాలోచింపవలెను. యాత్రికు లిచ్చు రూకలలో మొదటి పాలు పూడిక తీయుటకు జెందవలెను. పడవ నడపు హక్కు తీరపు జాలరులకే యుండవలెను. సరస్సు బ్రతికిననే పండుగ. ఎండిన బురదను జూడ నెవ్వరు వత్తురు?